చిల్లరలో దాగిన చరిత్ర – పావగడ సీమ నాణేలు

చరిత్ర అనగానే మనవారికి శాసనాలు, కోటలు, తాళపత్రాలు జ్ఞాపకం వస్తాయి. వాటిని చూడవలెనంటే ప్రయాణం కట్టవలెను. చదువవలెనంటే పండితుల సహాయం కావలెను. ఏ ప్రయాణమూ అక్కరలేని చరిత్ర సాధనం ఒకటి మన యిండ్లలోనే ఉన్నది. అంగడివాడు తిరిగి యిచ్చిన చిల్లర, పోపుల డబ్బాలో అమ్మ దాచిన పావలాలు, అవ్వ పెట్టె అడుగున మూటగట్టిన రాణి బొమ్మ రూపాయలు – వీటిని వరుసగా పేర్చి చూచినచో రెండువందల యేండ్ల కథ కండ్ల యెదుట నిలుచును. అది రాజుల కథ మాత్రమే కాదు. సంతకు బండి కట్టిన రైతు కథ, పొద్దు వాలిన తరువాత కూలి పుచ్చుకొన్న ఆడుదాని కథ కూడ అందులోనే ఉన్నది.

ఆ కథను నేను పావగడ తాలూకాను పట్టుకొని చెప్పదలచినాను. పావగడ తుమకూరు జిల్లాలోనిది. అక్కడ పాలన కన్నడం, చాలామందికి యింటి భాష తెలుగు. పటం తీసి చూడండి: మూడు వైపుల ఆంధ్రదేశమే. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం అన్నీ పొరుగువే. తెల్లవారి కాలంలో పావగడ మైసూరు సంస్థానంలో ఉండగా, ఈ పొరుగు తాలూకాలు మదరాసు రాజధానిలో ఉండేవి. గట్టు మీద నిలబడి ఒక కాలు యిటు, ఒక కాలు అటు పెట్టగల సీమ అది. ఇటువంటి చోట భాషలూ కలుస్తాయి, నాణేలూ కలుస్తాయి.

మన మాటలనే చూడండి. ఆ సీమలో డబ్బును 'దుడ్లు' అంటారు. కన్నడిగులు 'దుడ్డు' అంటారు. దుడ్డు అనేది ఒకనాటి రాగి నాణెం పేరు. మనం నిత్యం వాడే 'డబ్బు' కూడ అట్టిదే, అదీ ఒక రాగి నాణెమే. కన్నడంలో ధనాన్ని 'హణ' అంటారు. 'పణ' మాటలోని పకారం హకారమైనది. పణం అనగా చిన్న బంగారు నాణెం. దానినే తెల్లవారు నోరు తిరుగక 'ఫనం' అన్నారు. నాణేలు కరిగిపోయి రెండువందల యేండ్లయినా వాటి పేర్లు మన నాలుక మీద చెలామణి అవుతూనే ఉన్నవి. ఏ టంకశాలకూ యింత గట్టి నాణెం ముద్రించడం చేతకాలేదు.

మిక్కిలి పాత సంగతులు త్వరగా చెప్పి ముగిస్తాను. పావగడకు పడమటనున్న చిత్రదుర్గం పక్కన చంద్రవల్లి అనే చోట శాతవాహనుల కాలపు సీసపు నాణేలు, వాటితోపాటు రోము చక్రవర్తుల వెండి నాణేలు దొరికినవి. 1947లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వకాలు జరిపించినాడు. అటు తరువాత విజయనగర కాలం. 1565 యుద్ధం తరువాత రాయల రాజధాని పెనుకొండకు మారినది. అనగా పావగడ వారికి రాజధాని పక్క ఊరయినది. తిరుమల రాయలు వేయించిన వరహాల మీద సీతారామలక్ష్మణుల బొమ్మలున్నవి. నాలుగు మాసాల యెత్తు కూడ లేని బంగారు బిళ్ల మీద మూడు మూర్తులను చెక్కిన ఆ కంసాలి పనితనాన్ని ఎంత మెచ్చుకొన్నా తక్కువే. అయితే వరహాలు కూలివాని చేతికి వచ్చేవి కావు. మన కథకు కావలసినది రాగి.

రాగి అనగానే హైదరలీ, టిప్పు సుల్తానుల కాలం చెప్పుకోవలెను. హైదరు తన బంగారు హొన్నుల మీద ఇక్కేరి రాజులు వేయించిన శివపార్వతుల బొమ్మను అట్లే ఉంచి, వెనుక వైపు తన పేరులోని మొదటి పారసీ అక్షరం మాత్రం వేయించినాడు. ప్రజలు నమ్మిన బొమ్మను మార్చితే నాణెం చెల్లదని ఆ సిపాయికి బాగా తెలుసును. టిప్పు మరొక తీరు మనిషి. అన్నింటినీ మార్చవలెననే పట్టుదల. 1787లో మౌలూదీ శకం అని కొత్త శకం పెట్టి, నాణెంపై సంవత్సరపు అంకెలను కుడినుంచి యెడమకు వ్రాయించినాడు. రాగి నాణేల మీద ఏనుగు బొమ్మ వేయించి, వాటికి ఆకాశంలోని జ్యోతులు పేర్లు పెట్టినాడు. పైసా పేరు జోహ్రా, అనగా శుక్రుడు. అర పైసా బహ్రాం, అనగా అంగారకుడు. పావు పైసా అఖ్తర్, చుక్క. పైసాలో ఎనిమిదవ వంతు కుతుబ్, ధ్రువ నక్షత్రం. రెండు పైసల నాణెం ముష్తరీ, అనగా గురుడు. శనిమహాత్ముని కోవెలకు పేరుబడిన పావగడలో ఈ సంగతి చెప్పితే వినేవారు ఒక్క క్షణం ఆగి, శని పేరేదని అడుగుతారు. ఆ పేరు టిప్పు ఏ నాణేనికీ పెట్టలేదు.

ఈ ఏనుగు పైసాలు ఒక్క చోట పుట్టినవి కావు. శ్రీరంగపట్టణం, చిత్రదుర్గం, గుత్తి, గుర్రంకొండ, నగరం వంటి చోట్ల టంకశాలలుండేవి. ఊళ్ల పేర్లను కూడ టిప్పు మార్చినాడు: గుత్తి ఫైజ్ హిసార్ అయినది, చిత్రదుర్గం ఫర్రుఖ్‌యాబ్ హిసార్ అయినది. ఆ పేరు నాణెం వెనుక చదువవచ్చును. చదివిన తరువాతనే అసలు రుచి. పావగడ పొలంలో దొరికిన పైసా మీద గుత్తి పేరుంటే ఆనాటి సరకు ఉత్తరం నుంచి వచ్చినదని ఊహించవచ్చును. శ్రీరంగపట్టణం పేరుంటే దక్షిణపు దారి. ఒక్క నాణెంతో ఏమీ తేలదు గాని పది నాణేలు, పది ఊళ్లలో ఎక్కడెక్కడ దొరికినవో వ్రాసి ఉంచినచో బండ్ల బాటలు తేలుతాయి. అదే పైసాను పట్నంలో నాణేల వర్తకుని గాజు పెట్టెలోనుంచి కొనితే అది ఏనుగు బొమ్మ ఉన్న రాగి ముక్క మాత్రమే. దొరికిన చోటు తెలియని నాణెం చిరునామా చినిగిపోయిన ఉత్తరం వంటిది.

1799లో టిప్పు పోయిన తరువాత మైసూరు గద్దెమీదికి వచ్చిన మూడవ కృష్ణరాజ ఒడయరు ఏనుగును విడువలేదు. ఏనుగు పైన సూర్యచంద్రులు, 'శ్రీ' అనే అక్షరం. వెనుక 'మయిలి కాసు' అని కన్నడంలోనూ, 'క్యాష్' అని ఇంగ్లీషులోనూ, దానితోపాటు పారసీ వ్రాతా వచ్చినవి. ఇరువది కాసులు, పది కాసులు, అయిదు కాసులు అని మూడు విధాలు. ఇంగ్లీషు 'క్యాష్' కూడ మన 'కాసు' నుంచే ఆ చిన్న నాణేలకు పేరైనది. 1843లో మైసూరు టంకశాల మూతపడినది. 1881లో రాజ్యం తిరిగి ఒడయరుల చేతికి వచ్చినా సొంత నాణెం రాలేదు. హైదరాబాదుకు, తిరువాన్కూరుకు తమ నాణేలుండగా మైసూరు వారికి తెల్లవారి రూపాయే గతి అయినది.

ఇక్కడ ఒక వింత జరిగినది. నాకు తెలిసినంతలో మనవారిలో పదిమందికొకరికి కూడ దీని మీద చూపు పోలేదు. 1907లో అలల అంచుగల ఒక అణా నాణెం వచ్చినది. దాని మీద ఇంగ్లీషుగాక నాలుగు లిపులలో విలువ వ్రాసి ఉన్నది: ఉర్దూ, నాగరి, వంగం, తెలుగు. 'ఒక అణా' అని తేట తెలుగు. 1918లో వచ్చిన రెండణాల బిళ్ల మీద, 1919 నాటి నాలుగణాల, ఎనిమిదణాల బిళ్లల మీద కూడ తెలుగు ఉన్నది. దక్షిణాది భాషలలో ఆ చోటు తెలుగు ఒక్కదానికే దక్కినది. అరవం లేదు, కన్నడం లేదు, మలయాళం లేదు. 1947 వరకు అణా బిళ్ల మీద ఆ వ్రాత నిలిచినది.

ఇప్పుడు పావగడను తలచుకోండి. రచ్చలో రాజు మైసూరు రాజు, కచేరీ కాగితం కన్నడం, బడి కన్నడం. ఆ తాలూకా సంతలో కూలివాని అరచేతిలో పడిన అణా మాత్రం తెలుగు మాట్లాడినది. ఆ అక్షరాలు చదువగలవారు ఎందరో చెప్పలేము, ఆనాడు చదువు అరుదు. అయినా ఏ సర్కారు దయతోనో గాక, వాడుకలో అరిగే నాణెం మీద తన యింటి భాష ఉన్న సరిహద్దు సీమ అది. ఆ లిపి వరుస మదరాసు రాజధాని మొదలైన చోట్లను తలచి పెట్టినదే గాని పావగడను తలచి పెట్టినది కాదు. చరిత్రలో యిటువంటి తలవని లాభాలు కొన్ని ఉంటాయి. 1950లో గణతంత్ర భారతం కొత్త నాణేలు తెచ్చినప్పుడు వాటి మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే నిలిచినవి. అణా మీది తెలుగు అంతటితో సరి. ఈనాడు నోటు వెనుక భాషల పట్టికలో తెలుగు ఉన్నది. నాణెం మీద చూడవలెనంటే ఆ పాత అణానే వెదుకవలెను. అది వెండి కాదు, బంగారం కాదు. అందుకే ఎవరూ దాచలేదు, పాత సామానులవాని తూకంలో పోయినది. వెండి రూపాయిని ఆశ కాపాడినది. అణాను కాపాడినది పిల్లల ఆట డబ్బీలే.

వెండి రూపాయి సంగతీ కొంచెం చెప్పవలెను. పాత రూపాయి బరువు ఒక తులం, ఈనాటి లెక్కలో 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. అది నాణెమూ, తూకపు రాయీ కూడ. పాతవారు 'రూపాయెత్తు' అన్నది ఉత్త మాట కాదు; 80 రూపాయల యెత్తు ఒక సేరు. యుద్ధం వచ్చినది. 1940లో వెండిని సగానికి తగ్గించినారు, తరువాత 1947 సంవత్సరం ముద్రతో నికెలు రూపాయి వచ్చినది. రాగి కూడ కరవై 1943 నుంచి నడుమ చిల్లు గల కాణి వచ్చినది. యుద్ధం ఎక్కడో జరిగినది. దాని చిల్లు మాత్రం మన సంతల్లో కనపడినది. ఆ చిల్లు కాణీలను దారానికి గుచ్చి మొలకు కట్టిన పసివాండ్రు ఈనాడు తాతలైనారు.

1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చినవి. చదువుకొన్నవారు దానిని లెక్కల సౌకర్యం అన్నారు. నిజమే. కాని సంతలో కథ వేరుగా నడిచినది. నాలుగణాలకు 25 పైసలు సరిగా వచ్చును. ఒక్క అణాకు ఆరుంపావు రావలెను. పావు పైసా లేదు గనుక పట్టికలో 6 అని వేసినారు. రూపాయి అప్పు కట్టేవానికి తేడా లేదు. అణా అణాగా పదహారు మార్లు మార్చుకొన్నవానికి 96 పైసలే దక్కును. నూటికి నాలుగు ఎవరికి పోయినదో చెప్పనక్కరలేదు – ఉప్పు, పొగాకు, సూదీ దారం చిల్లరగా కొనే బీదవానికి. 1964 జూన్ 1 నుంచి 'నయా' అనే మాట తీసివేసినారు. ప్రజలు మాత్రం పావలాను పావలా అనడం మానలేదు. 25 పైసల బిళ్ల మీద పావలా అని ఎన్నడూ వ్రాసి లేదు. అయినా అది పుట్టిననాటి నుంచి పోయేదాకా పావలాయే.

అది పోయినది కూడ మన కండ్ల యెదుటనే. 2011 జూన్ 30 నుంచి 25 పైసలు, అంతకు తక్కువ విలువగల నాణేలన్నీ చెల్లనివైనవి. ముందు రోజు వరకు బ్యాంకులు మార్చి యిచ్చినవి. అల్యూమినియం రెండు పైసలు, చతురస్రపు అయిదు పైసలు, 1964లో వచ్చిన ఆరు కోణాల మూడు పైసలు, 1968లో వచ్చిన తామరపువ్వు ఇరువది పైసలు అన్నీ ఆ వరదలో కొట్టుకొనిపోయినవి. 50 పైసలు చట్ట ప్రకారం నేటికీ చెల్లుతుంది. అంగడిలో యిచ్చి చూడండి, అంగడివాడు నవ్వుతాడు.

ఇక ఈనాటి చిల్లర. సంవత్సరం అంకె క్రింద ఒక చిన్న గుర్తు ఉంటుంది. అయిదు కొనల నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాల, వజ్రపు ఆకారం ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకుంటే కలకత్తా. హైదరాబాదు టంకశాల నిజాం కాలంలో 1803లో పుట్టినది, 1903లో సైఫాబాదుకు మారినది, 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చినది, 1997లో చర్లపల్లికి పోయినది. పిల్లలకు ఈ నక్షత్రం ఒక్కటి చూపించండి, సాయంత్రానికి యింటి చిల్లరంతా బల్ల మీదికి వస్తుంది. 1985 నాటి రూపాయిలో సంవత్సరం క్రింద ఇంగ్లీషు 'హెచ్' కనపడినచో అది ఇంగ్లండులోని బర్మింగుహాములో ముద్రించి తెచ్చినది. ఆ రోజుల్లో చిల్లర కరవు అంతటిది.

కొత్త నాణెం మన చేతికి రావడానికి ఒక దారి ఉన్నది. టంకశాలనుంచి రిజర్వు బ్యాంకి, అక్కడనుంచి కొన్ని బ్యాంకులలో ఉండే ఖజానాలు, చిల్లర నిలవ గదులు, వాటినుంచి ఊరి శాఖ, శాఖనుంచి అంగడి. అందుచేత ఊరి బ్యాంకి గుమాస్తాను మర్యాదగా అడిగి, ఒక పొట్లం చిల్లర తీసుకొని, కావలసినవి ఏరుకొని, మిగిలినవి ఖర్చు పెట్టుకోవడం ఈ పనికి మేలైన పద్ధతి. పైసా నష్టం లేదు. బ్యాంకులకు నాణేలు పంచడం మీద మక్కువ తక్కువ, లెక్కించవలె, మోయవలె. అందుకనే 2021లో రిజర్వు బ్యాంకి ఒక్కొక్క సంచి పంచినందుకు బ్యాంకికిచ్చే ప్రోత్సాహాన్ని 25 రూపాయలనుంచి 65 రూపాయలకు పెంచినది. పూర్వం బ్యాంకులే చిల్లర వెంట యింటింటికీ తిరిగినవి. ఉడుపిలో పుట్టిన సిండికేటు బ్యాంకి 1928లో పిగ్మీ డిపాజిట్టు అని పెట్టి రోజుకు రెండణాలు కూడ గడప దగ్గరికి వచ్చి తీసుకొన్నది. ఆ రెండణాల బిళ్ల మీద తెలుగు ఉన్నదని పైన చెప్పినాను. ఆ బ్యాంకి 2020లో కెనరా బ్యాంకిలో కలిసిపోయినది. 1913లో పుట్టిన మైసూరు బ్యాంకి 2017లో స్టేటు బ్యాంకిలో కలిసినది. పావగడ తిరుమణి ప్రాంతంలో సుమారు 13,000 ఎకరాలలో సూర్యశక్తి కేంద్రం వచ్చిన తరువాత, భూమిని ఎకరాకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకిచ్చిన రైతుకు ఆదాయం పాసు పుస్తకంలో ఒక వరుస. వేరుశనగ అమ్మి మూటగట్టుకొన్న దుడ్ల బరువు దానికి లేదు.

పది రూపాయల నాణెం గోల మన సీమలన్నింటిలోనూ ఉన్నదే. 2009లో చెలామణికి వచ్చిన ఆ రెండు లోహాల నాణెం మీద కొన్నింటిలో పది కిరణాలు, కొన్నింటిలో పదిహేను; కొన్నింటిలో రూపాయి గుర్తు ఉన్నది, కొన్నింటిలో లేదు. దానితో 'ఇది దొంగ బిళ్ల' అని పుకారు పుట్టినది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకి అప్పటికి వచ్చిన 14 రకాలూ చెల్లునని ప్రకటించినది. అయినా కొన్ని ఊళ్లలో అంగళ్లు పుచ్చుకోలేదు. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలు 1,000 రూపాయల మొత్తం వరకు చెల్లుబాటు. చట్టం తెలియని కూరగాయల ముసలమ్మ సంపాదన మూటలోనే నిలిచిపోవడం న్యాయం కాదు. నాణేలు సేకరించేవారికి ఆ పదునాలుగు రకాలూ పండుగే. ఒక్కసారి వరుసగా పేర్చి పుకారు నమ్మినవారికి చూపినచో చాలు.

జ్ఞాపికా నాణేల మాట. 1964లో నెహ్రూ బొమ్మతో మొదలైన ఈ వరుసలో 2006లో బసవేశ్వరుని పేర అయిదు రూపాయల నాణెం వచ్చినది. 2023 ఆగస్టు 28న నందమూరి తారక రామారావు గారి శతజయంతికి 100 రూపాయల నాణెం వచ్చినది. సగం వెండి, 35 గ్రాములు, హైదరాబాదు ముద్ర. అది చిల్లరలో రాదు, టంకశాల నుంచి కొనుక్కోవలసినదే. కొన్నవారు సంతోషంగా ఉంచుకొందురు గాక. నా మనసు మాత్రం అంగడిలో అరిగిన అయిదు రూపాయల మీదనే.

కొనడం, అమ్మడం గురించి ఒక హెచ్చరిక. పాత నాణేలకు లక్షలిస్తామని, ముందుగా రుసుము కట్టమని వచ్చే మాటలు నమ్మవద్దు. తన పేరు వాడుకొని యిట్టి మోసాలు జరుగుతున్నవని రిజర్వు బ్యాంకియే 2021 ఆగస్టులో ప్రకటించినది. మట్టిలో నాణేల కుండ దొరికినచో దాచవద్దు, కరిగించవద్దు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలుపవలెను. గోదావరి తీరాన కోటిలింగాలలో ఊరివారు ఏరి ఉంచిన నాణేలు పి. వి. పరబ్రహ్మ శాస్త్రి గారి చేతిలో పడినందువల్లనే తొలి శాతవాహనుల కథలో ఒక కొత్త పుట తెరుచుకొన్నది. అవి కంసాలి మూసలో పడి ఉంటే ఆ పుట లేదు.

ఆడవారికి ఒక మనవి. రాగి చెంబులను తోమినట్లు నాణేలను చింతపండుతో తోమవద్దు. మెరుపు వచ్చును గాని అక్షరం పోవును. ఒక్కొక్క నాణేన్ని చిన్న కాగితపు సంచిలో వేసి, పైన మూడు మాటలు వ్రాయండి: ఏ ఊరిలో, ఏ సంవత్సరం, ఎవరి యింట. 'పావగడ, మా అవ్వ పెట్టె' అని వ్రాసిన అణా, ఏమీ వ్రాయని మొహరు కంటె ఎక్కువ చెప్పును. ఈ సెలవులలో ఊరికి పోయేవారు పెద్దలను అడగండి. అటకమీది డబ్బీలు, దేవుని గూటిలోని ముడుపులు, పాత నడుము సంచులు – పనికిరావని పారవేయక ముందే అడగవలెను. వచ్చే ఉగాదికి అట్టి సంచులు తెచ్చినవారివి ఒక బల్ల మీద పరచి, పక్కన ఒక భూతద్దం పెట్టుదము. 'ఒక అణా' అనే అక్షరాలను మన పిల్లలచేత చదివించుదము.